విప్పి చూడనివ్వండి!

వి.పి.పి. అంటే మోసం. ఇది మా తరం వాళ్లందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. ఏ పెళ్లిపందిట్లోనైనా నలుగురు అరవయ్యేళ్ల వాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారంటే, అయిదు నిమిషాల్లో మాట అక్కడికి వచ్చి తీరుతుంది. ఒకాయన గడియారానికి డబ్బు కడితే పెట్టెలో ఇటిక ముక్క వచ్చిందంటాడు. ఇంకొకాయన దోమల్ని చంపే యంత్రం తెప్పిస్తే రెండు చెక్కముక్కలు వచ్చాయనీ, దోమని పట్టుకొని ఒక చెక్క మీద పెట్టి రెండో చెక్కతో కొట్టాలని కాగితం కూడా జత చేశారనీ చెబుతాడు. ఈ దోమల యంత్రం కథ నేను ఇప్పటికి పాతికమంది నోట విన్నాను. పాతికమందీ తమ సొంత మేనమామకే జరిగిందని ఒట్టేశారు. ఇంతమంది మేనమామలు కొన్నారంటే ఆ చెక్కముక్కల కంపెనీవాడు ఈపాటికి టాటా బిర్లాల సరసన ఉండాలి.

అందరూ కడుపుబ్బ నవ్వుకున్నాక, ఆఖర్న ఒకాయన నిట్టూర్చి, "ఏవైనా ఇప్పటి పిల్లలు అదృష్టవంతులండీ. ఫోన్లో నొక్కితే మర్నాటికి అసలు సరుకు గుమ్మంలో ఉంటుంది" అంటాడు. మిగతావాళ్లు తలలూపుతారు. భోజనాలకి లేస్తారు.

నేను మాత్రం ఈ తీర్మానానికి వ్యతిరేకంగా చెయ్యెత్తుతున్నాను. నా వాదన మూడు ముక్కల్లో చెబుతాను. ఆనాడు మాకొచ్చింది నాసిరకం సరుకే, కానీ విప్పి చూడదగ్గ సరుకు. ఈనాడు పిల్లలకొస్తున్నది మేలురకం సరుకే, కానీ విప్పి చూడరాని సరుకు. ఈ రెంటిలో పిల్లవాడికి ఎక్కువ నష్టం చేసేది రెండోదే.

ముందు, వి.పి.పి. అంటే ఏమిటో ఎరగని చిన్నవాళ్లకోసం రెండు మాటలు. వాల్యూ పేయబుల్ పోస్ట్. మన దేశంలో తపాలాశాఖ దీన్ని 1877లోనే మొదలెట్టింది. మీరొక కార్డు ముక్క రాసి పడేస్తారు. ఎక్కడో ఉన్న వ్యాపారి పార్సిలు కట్టి పంపుతాడు. పోస్టుమాన్ మీ దగ్గర సొమ్ము వసూలు చేసి పార్సిలు మీ చేతిలో పెడతాడు. ఆ సొమ్ము మనియార్డరుగా వ్యాపారికి వెళుతుంది. ఇందులో కిటుకల్లా ఒకటే: సొమ్ము కట్టేదాకా పార్సిలు విప్పకూడదు. విప్పాక సొమ్ము తిరిగి రాదు. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అని ముద్దుపేరు పెట్టి పిలుస్తున్నది ఈ ముసలమ్మనే. కొత్త చీర కట్టించారు, అంతే.

మాది నర్సీపట్నం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ నా చిన్నప్పుడు విశాఖపట్నం జిల్లా. మన్యానికి వాకిలి. అటు చింతపల్లి, ఇటు కృష్ణదేవిపేట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన ఊళ్లు. కొండమీంచి చింతపండు, పసుపు, అడ్డాకులు మా వైపు దిగేవి. ఉప్పూ బట్టలూ పైకెక్కేవి. రైలు మాత్రం మా ఊరికి రాలేదు. 'నర్సీపట్నం రోడ్' అని ఒక స్టేషను ఉన్నమాట నిజమే. ఆ పేరులో 'రోడ్' అన్న ముక్కకి అర్థం, 'దిగారు కదా, ఇహ రోడ్డు పట్టుకు పొండి, ఊరు చాలా దూరం' అని.

అలాంటి ఊరికి లోకం పోస్టాఫీసు కిటికీలోంచి వచ్చేది. వారపత్రికల చివరి పేజీల్లో, సీరియల్ అయిపోయిన చోట, అంగుళం వెడల్పు ప్రకటనలుండేవి. ఢిల్లీ, అమృత్‌సర్, అలీగఢ్, కలకత్తా ఎక్కడున్నాయో మాకు భూగోళం మేష్టారు చెప్పకముందే ఆ ప్రకటనలు చెప్పాయి. గోడ మీద బొమ్మ పడే చేతి సినిమా మిషను. లైసెన్సు అక్కర్లేని పిస్తోలు. చేతి ఎముకలు కనబడే కళ్లద్దాలు. మడత పెడితే జేబులో పట్టే దుర్భిణి. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు, అరవై రోజుల్లో పొడుగు. మనలో మన మాట, ఆ పత్రికలు సీరియళ్లు రాసినవాళ్లకి ఇచ్చిన పారితోషికంలో కొంత ఈ పిస్తోళ్ల డబ్బే అయ్యుంటుంది. అంచేత సాహిత్యం కూడా ఈ వ్యాపారానికి కాస్తో కూస్తో రుణపడి ఉంది.

సరుకు వచ్చేది. ప్రకటనలో బొమ్మ ఏనుగంత, చేతిలోది ఎలకంత. మొదటి గంటా ఏడుపు. రెండో గంట నుంచి అసలు సంబరం. సినిమా మిషను విప్పితే ఏముంది? ఒక టార్చిలైటు బల్బు, ఒక భూతద్దం, మధ్యలో కత్తిరించిన సినిమా ఫిలిం ముక్క జొనిపేందుకు సందు. ఫిలిం తిన్నగా పెడితే గోడ మీద హీరో తలకిందులుగా నిలబడేవాడు. తలకిందులుగా పెడితే తిన్నగా నిలబడేవాడు. కటకం బొమ్మని తిప్పేస్తుందన్న పాఠం మాకు తొమ్మిదో తరగతిలో చెప్పారు. మాకది ఆరో తరగతిలోనే గోడ మీద తెలుసు. ఎముకల కళ్లద్దాలు చింపితే రెండు అట్టల మధ్య ఒక పక్షి ఈక బయటపడింది! ఈకలో ఉండే సన్నసన్న సందుల్లోంచి వచ్చేటప్పుడు వెలుగు చెదిరి, ఒక వేలు రెండు వేళ్లుగా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకదానిమీదొకటి పడ్డచోట నల్లగా ఉంటుంది. ఆ నలుపే 'ఎముక'. అమ్మినవాడు దగాకోరే. కానీ ఆ దగాలో భౌతికశాస్త్రం ఉంది, విప్పిన వాడికి దొరికింది.

ఇక్కడ ఒక గీత గీయాలి. లేకపోతే దొంగల తరఫున వకాల్తా పుచ్చుకున్నానంటారు. పోస్టు వ్యాపారులు రెండు రకాలు. ఒకడు వస్తువు అమ్మేవాడు, రెండోవాడు అదృష్టం అమ్మేవాడు. తొమ్మిది గళ్లలో అంకెలు నింపి ఎటు కూడినా పదిహేను వచ్చేలా పంపితే ట్రాన్సిస్టరు బహుమతి అనేవాడు రెండోరకం. పంపిన ప్రతివాడికీ బహుమతి వచ్చినట్టే ఉత్తరం వచ్చేది. పోస్టు ఖర్చుల కింద ఇంత కట్టమని అడిగేవాడు. వశీకరణ ఉంగరం, ధనాకర్షణ యంత్రం, సర్వరోగ నివారణ తాయెత్తు, ఇవీ ఆ రకమే. తాయెత్తుతో రోగం కుదురుతుందని ప్రకటించడం నేరమని 1954లోనే చట్టం చేశారు. చట్టం పేరు డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం. చట్టం వచ్చింది, తాయెత్తు పోలేదు. ఈ రెండోరకం వాణ్ణి ఏ బోనులో నిలబెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఎందుచేతంటే తాయెత్తు విప్పితే రాగిరేకు తప్ప ఏమీ ఉండదు. నేర్చుకునేందుకేమీ లేని మోసం అది. ఇవాళ ఫోన్లో 'మీకు లాటరీ తగిలింది' అని సందేశం పంపేవాడు వీడి మనవడే. తాత పోలికలు ముఖంలో స్పష్టంగా కనబడతాయి.

నేను వెనకేసుకొచ్చేది మొదటిరకాన్ని. వాళ్లలో మహారాజు రేడియోవాడు.

'కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు, జీవితాంతం పాడే రేడియో!' అని ప్రకటన. వెల పన్నెండు రూపాయలు, పోస్టు ఖర్చులు అదనం. 1970ల మొదటి రోజులు. మా వీధిలో రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. పన్నెండు రూపాయలంటే మా ఇంట్లో గొడవ పుట్టడానికి చాలినంత పెద్ద మొత్తం. నేనూ, మా పెదనాన్నగారబ్బాయీ పాత నోటుపుస్తకాలు, చింతపిక్కలు అమ్మి నాలుగు నెలలు కూడబెట్టాం. పార్సిలు వచ్చింది. విప్పితే సబ్బుపెట్టెంత ప్లాస్టిక్కు డబ్బా. రెండు తీగలు, చెవిలో పెట్టుకునే చిన్న గొట్టం. గొట్టం చెవిలో పెట్టుకుంటే నిశ్శబ్దం. జీవితాంతం పాడుతుందన్నది ఏ జీవితంలోనో చెప్పలేదు. మా నాయనమ్మ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఏట్రా గుంటడా, పన్నెండ్రూపాయలెట్టి అగ్గిపెట్టె కొన్నావా?" అంది.

పెళ్లిపందిరి కథలు ఇక్కడ ముగుస్తాయి. మాది ఇక్కడ మొదలైంది. కారణం: ఆ డబ్బాకి ఉన్నవి రెండే రెండు మామూలు స్క్రూలు.

లోపల ఒక రాగితీగ చుట్ట, బియ్యపుగింజంత గాజుముక్క ఒకటి. అంతే. ఆ రెంటినీ పట్టుకుని బజార్లో రేడియో రిపేరు షాపుకి పోయాం. ఆ మెకానిక్కు ఎక్కడ చదివాడో మాకు తెలీదు. ఎప్పుడూ టంకం పొగలో కూర్చుని ఉండేవాడు. గాజుముక్కని మీటరుకి ఆనించి, తిప్పి మళ్లీ ఆనించి, "ఇది బాగానే ఉంది. డయోడు. ఓ పక్కనించే కరెంటు పోనిత్తాది, రెండో పక్క పోనివ్వదు. మోసం నేదర్రా" అన్నాడు. మరి పాడదేం అన్నాం. "ఒరే, దీనికి నోరు నేదు, కడుపు నేదు. ఒట్టి చెవే. ఆ చెవి మూరెడు తీగయితే ఏటి వినబడతాది? కొబ్బరిసెట్టెక్కించండి" అన్నాడు.

కొబ్బరిచెట్టెక్కించాం. పెరట్లో కొబ్బరిచెట్టు మొవ్వునించి ఇంటి చూరుదాకా రాగితీగ కట్టాం. రెండు కొసలా పింగాణీ గుబ్బ దొరక్క, సీసా మెడ విరగ్గొట్టి గుచ్చాం. రెండో తీగ బోరింగు పంపు గొట్టానికి, తుప్పు గీకి, బిగించాం. అది భూమి కలపడం. వాన మబ్బు పట్టిందంటే పైతీగ రేడియో నించి ఊడదీసి నేరుగా భూమి తీగకి తగిలించమని మెకానిక్కు మూడుసార్లు చెప్పించుకుని ఒప్పగించుకున్నాడు. కంపెనీవాడిచ్చిన చుట్ట చాలదని, పాత ట్రాన్స్‌ఫార్మరులోంచి తీగ ఇచ్చి, వెదురుబొంగు మీద వంద చుట్లు చుట్టమన్నాడు. ఎన్నో చుట్టు దగ్గర తగిలిస్తే ఏ స్టేషను వస్తుందో వెతుక్కోవాలి. చుట్టు చుట్టుకీ పైపూత గీకి వెతికాం.

విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మాకు 80 కిలోమీటర్ల దాపున. ఆ సాయంత్రం వెదురుబొంగు మీద ఒకచోట, బావి అడుగునుంచి పిలిచినట్టు, ఒక మనిషి మాట్లాడాడు. ఎరువుల గురించి. జన్మలో ఎరువుల మీద ప్రసంగం అంత శ్రద్ధగా ఎవరూ విని ఉండరు. నాయనమ్మ చెవిలో గొట్టం పెడితే కాసేపు విని, డబ్బా కింద చెయ్యిపెట్టి చూసి, "ఈడు తిండీ తిప్పలూ నేకండా ఎలా మాటాడతన్నాడ్రా!" అంది. పిండి మర్లో కూడా కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అంతకంటే మంచి ప్రశ్న ఇంకోటి లేదు.

జవాబు చెబుతాను. విశాఖలో పెద్ద స్తంభంమీంచి వెలువడే తరంగం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ పెరుగుతరుగులే మాట. తరంగం కొబ్బరిచెట్టు తీగకి తగిలి, అందులో చీమంత కరెంటు పుట్టిస్తుంది. అది క్షణానికి లక్షలసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అలా ఊగుతుంటే చెవిగొట్టంలోని పొరకి ఏమీ అంతుచిక్కదు. డయోడు ఒక్క వైపు ఊపునే పోనిస్తుంది, సంతకు పోయే మందని దొడ్డి తలుపు ఒకే దిక్కుకి వదిలినట్టు. అప్పుడు పెరుగుతరుగులు మాత్రం మిగిలి పొర కదులుతుంది, మాట వినబడుతుంది. తిండి ఎవరు పెట్టారంటే విశాఖ స్టేషనువాళ్లే. వాళ్లు కట్టిన కరెంటు బిల్లులోంచి చిటికెడు మా కొబ్బరిచెట్టు దొంగిలించింది. ఇంటర్మీడియట్ పుస్తకంలో దీన్నే 'ఏకధిక్కరణం' అంటారు. ఆ మాట నోరు తిరక్కముందే దాని అర్థం మా చెవికి తెలుసు.

ఇదేదో దొరల విద్య అనుకునేరు. ఈ 'ఒంటిదారి' గుణం గల గెలీనా రాయిని, అంటే సీసపు ఖనిజాన్ని, తరంగాలు పట్టే పరికరంగా వాడవచ్చని పేటెంటు పుచ్చుకున్నవాడు మన జగదీశ్ చంద్ర బోసు. 1901లో అమెరికాలో దరఖాస్తు పెడితే 1904లో వచ్చింది. ఆ తర్వాత లోకమంతా ఆ రాళ్ల మీద సన్నతీగ ఆనించి రేడియో వింది. 1944లో ఇటలీలో ఆన్జియో దగ్గర కందకాల్లో చిక్కుకున్న అమెరికా సిపాయిలు రాయి కూడా లేక, గడ్డం గీసుకునే బ్లేడు మీద పెన్సిలు ముల్లు ఆనించి పాటలు విన్నారు. బ్లేడూ, పిన్నీసూ, పెన్సిలూ, తీగచుట్టా. యుద్ధం మధ్యలో ఉన్నవాడు చేసుకోగలిగింది, ఊరి మధ్యలో ఉన్నవాడు చేసుకోలేడా?

చేసుకోగలడు. కానీ చట్టం ఏమంది? 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో దగ్గర పెట్టుకోవడం నేరం. అక్షరాలా చదివితే మా వెదురుబొంగు కూడా నేరమే. ఇంట్లో రేడియో వినడానికి ఏటా లైసెన్సు కట్టే ఆ పద్ధతి 1980ల నడుమ గానీ పూర్తిగా పోలేదు. ఆ లైసెన్సు ఇచ్చేదీ పోస్టాఫీసే. అంటే ఒకే భవనంలో ఒక కిటికీలోంచి రేడియో వచ్చింది, పక్క కిటికీలో దాన్ని వింటే తప్పన్నారు. అయినా చూడండి, ఆ చట్టం కూడా వినడానికి డబ్బడిగింది గానీ, విప్పడానికి అడ్డం రాలేదు. పెట్టె తీసి చూస్తే తప్పని ఏ తెల్లదొరకీ తోచలేదు.

ఆ తోపు మన కాలం కంపెనీలకి తోచింది. ఇవాళ పిల్లాడి చేతిలో ఉన్న ఫోను చూడండి. వెనక మూత ఊడదు, జిగురేసి అంటించారు. బ్యాటరీ లోపల జిగురులో కూర్చుంది. స్క్రూలుంటే అవి మీ ఇంటి స్క్రూడ్రైవరుకి లొంగవు, అయిదు రేకుల తల పెట్టారు. దేవుడి మీద పువ్వుకైనా ఆర్రేకులు చాలుతాయి గానీ, పిల్లాణ్ణి బయట నిలబెట్టడానికి అయిదు రేకులు కావలసివచ్చాయి. కొన్ని వస్తువుల మీద ఒక కాగితం బిళ్ల: 'ఇది చిరిగితే గ్యారంటీ చెల్లదు'. ఇలాంటి బిళ్లల విషయంలో 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది. మనవాళ్లు మాత్రం ఆ బిళ్లని ఇప్పటికీ మంగళసూత్రంలా కాపాడుకుంటున్నారు.

నాకు తెలీక అడుగుతాను, డబ్బిచ్చి కొన్నాక వస్తువు ఎవరిది? మా రేడియోవాడు డబ్బు ముందే గుంజాడు, నిజం. పార్సిలు విప్పకుండా కట్టించుకున్నాడు, నిజం. కానీ కట్టాక పెట్టె సాంతం మాదే. ఇప్పటివాడు షోరూములో కుర్చీవేసి, చల్లటి నీళ్లిచ్చి, 'సార్' అని పిలిచి అమ్ముతాడు. ఇంటికి తెచ్చుకున్నాక కూడా లోపలి భాగం తన దగ్గరే ఉంచుకుంటాడు. వీరిద్దరిలో మర్యాదస్తుడెవరో మీరే చెప్పండి.

నేనిలా అంటే మూడు రకాల పెద్దమనుషులు లేస్తారు.

మొదటాయన: "అయ్యా, ఇప్పటి సామాను అతిసూక్ష్మం. విప్పినా ఏం కనబడుతుంది?" నిజమే, చిప్పులో కోట్ల భాగాలుంటాయి, కంటికి కనబడవు. విశాఖ నుంచి వచ్చే తరంగం మాత్రం మాకు కంటికి కనబడిందా? ఫోనులో బ్యాటరీ కనబడుతుంది, స్పీకరు కనబడుతుంది, వణికే చిన్న మోటారు కనబడుతుంది, ఏరియలు తీగ కూడా కనబడుతుంది, కొబ్బరిచెట్టు ఎక్కకపోయినా. అడ్డం వస్తున్నది సూక్ష్మత కాదండీ, జిగురు.

రెండో ఆయన: "ప్రమాదం కదండీ!" ప్రమాదమే. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మండుతుంది. ప్లగ్గు పీకేశాక కూడా కొన్ని పెట్టెల్లో కెపాసిటరు షాకు కొడుతుంది. మా మెకానిక్కు పిడుగు సంగతి మూడుసార్లు చెప్పించుకున్నట్టే ఇవీ చెప్పి చేయించాలి. గ్యాసు పొయ్యి మండుతుందని పిల్లలకి అన్నం వండటం నేర్పడం మానేశామా?

మూడో ఆయన: "చదువు పాడవుతుంది." ఈయనకి నేను పెద్ద నమస్కారం పెడతాను. ఈయనగారి స్కూల్లో డయోడు బొమ్మ పెన్సిలుతో గీస్తే రెండు మార్కులు, పేరు రాస్తే ఒక మార్కు. డయోడు ఎలా ఉంటుందో చూపిస్తే సున్నా, ఎందుకంటే ప్రశ్నపత్రంలో రాదు. ఏటా వైజ్ఞానిక ప్రదర్శన పెడతారు. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, వాననీటి గుంట, అన్నీ పట్నంలో దుకాణంలో తయారుగా దొరుకుతాయి. తండ్రి కొంటాడు, తల్లి రంగు దిద్దుతుంది, పిల్లాడు పక్కన నిలబడి బట్టీపట్టిన నాలుగు వాక్యాలు అప్పజెబుతాడు. బహుమతి దుకాణదారుకి వెళ్లాలి, న్యాయంగా అయితే.

ప్రభుత్వం వారికి ఈ సంగతి తెలీదనను. నీతి ఆయోగ్ వారు 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులని మొదలెట్టారు. ఎంపికైన స్కూలుకి 20 లక్షల రూపాయలదాకా ఇస్తారు. చాలా మంచి పని. ఆ ల్యాబు ఉన్న స్కూళ్లకి నేను అడిగేది ఒక్కటే ప్రశ్న: అల్మరా తాళంచెవి ఎవరి దగ్గరుంది? సామాను చెడుతుందని బీరువాలో పెట్టి, ఇన్‌స్పెక్షను రోజున తుడిచి చూపిస్తే ఆ 20 లక్షలకంటే మా పన్నెండు రూపాయలే ఎక్కువ పని చేశాయి. చెడని సామాను ఏ పిల్లాడికీ ఏమీ నేర్పలేదు.

బాగుచేసుకునే హక్కు గురించి కూడా మాటలు మొదలయ్యాయి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో దీనిమీద కమిటీ వేసింది. అదే ఏడు డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. యూరపువాళ్లు మరో అడుగు ముందుకేశారు. ఫోనుల్లాంటి చేతివస్తువుల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలని 2023లో చట్టం చేసి, 2027 ఫిబ్రవరి గడువు పెట్టారు. మనకి పోర్టల్ వచ్చింది, స్క్రూ ఇంకా రాలేదు. స్క్రూ కావాలి.

ఇంకొక్కటి. ఇది మా కొండవైపు వాళ్ల సొంత ఫిర్యాదు. బ్యాటరీ లేని రేడియోకి అర్థమయ్యేది మీడియం వేవు భాష. ఎఫ్.ఎం. భాష ఆ రాయికి రాదు. కొన్నేళ్లుగా ప్రసార భారతి వారు పాతబడ్డ మీడియం వేవు ట్రాన్స్‌మిటర్లని విడతలవారీగా మూసేస్తూ ఎఫ్.ఎం. పెంచుతున్నారు. ఖర్చు లెక్కలు వాళ్లకుంటాయి, కాదనను. కానీ ఎఫ్.ఎం. దాదాపు కంటిచూపు పోయినంత దూరమే పోతుంది. కొండ అడ్డమొస్తే ఆగుతుంది. మీడియం వేవు నేలని పట్టుకుని పాకి, కొండ చుట్టి వస్తుంది. చింతపల్లి దాటాక ఉన్న లోయలకి ఈ తేడా పుస్తకంలో తేడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున పంపేవైపు స్తంభం ఒక్కటి నిలబడితే, వినేవైపు తీగా, రాయీ, చెవీ ఉంటే చాలు. ఇంత చవకైన ధైర్యాన్ని లెక్కల పుస్తకంలో నష్టం కింద రాయకండి. కనీసం కొండప్రాంతాలకి వినబడే స్టేషన్లనైనా ఉంచండి.

తల్లిదండ్రులకి నేను చెప్పేది చిన్నమాట. పుట్టినరోజుకి కొత్త ట్యాబు కొనండి, మీ ఇష్టం. దానితోపాటు ఇంట్లో పాడైపోయిన ఒక మిక్సీనో, రేడియోనో, గోడగడియారాన్నో, ప్లగ్గు తీసేసి, పిల్లాడికి రాసిచ్చేయండి. ఆడపిల్లకి కూడా, చెవులు ఇద్దరికీ ఉన్నాయి. మళ్లీ బిగించలేకపోతే తిట్టకండి. స్క్రూలు నాలుగు మిగిలాయని నవ్వకండి. ఆ మిగిలిన నాలుగు స్క్రూల దగ్గరే వాడికి ప్రశ్న పుడుతుంది. మీ వీధిలో టంకం పొగలో కూర్చున్న మెకానిక్కు ఇంకా ఒక్కడైనా ఉంటే, పిల్లాణ్ణి వారానికో గంట అక్కడికి పంపండి. ట్యూషను ఫీజులో పదోవంతు ఆయనకివ్వండి. పాఠం విలువకి అది తక్కువే.

మమ్మల్ని మోసం చేసినవాడు ప్రకటనలో సగం నిజమే చెప్పాడు. మిగతా సగం కొబ్బరిచెట్టెక్కి మేం తెచ్చుకున్నాం. ఇప్పటి కంపెనీవాడు సరుకు నిండుగా, నిజాయితీగా ఇస్తున్నాడు. పిల్లలు తెచ్చుకోవలసిన సగాన్ని కూడా తనే కలిపి, జిగురేసి మూసి ఇస్తున్నాడు. ఆ సగం పిల్లలది. దాన్ని వాళ్లకి తిరిగి ఇప్పించండి. ఇప్పించేదాకా, ఒక స్క్రూడ్రైవరు కొనిపెట్టండి. దానికి వి.పి.పి. అక్కర్లేదు, బజార్లోనే దొరుకుతుంది.